కెలోరీల లెక్కతో ఇరవై రెండు నెలలు, స్నేహితులతో తగవులతో సహా

ముందుగా ఫలితం చెప్పేస్తే మిగతాది చదవాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. 74 కిలోల దగ్గర మొదలుపెట్టాను, ఇప్పుడు 63కి అటూ ఇటూగా ఉన్నాను. పట్టిన కాలం 22 నెలలు. అందులో రోజూ తూచి రాసుకున్నది మొదటి 14 నెలలే. ఖర్చు: నాలుగు వందలు పెట్టి కొన్న వంటింటి కాటా, ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ ఒకటి. ఇవి కాక, నెలన్నర పాటు ఒక స్నేహితురాలు నాతో మాట్లాడలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మాది హిందూపురం. బెంగుళూరు వచ్చి పదిహేనేళ్ళయింది, సర్జాపుర రోడ్డు వైపు ఉంటాం. చేసేది జీఎస్టీ రిటర్నులు, ఆడిట్ల పని. అంటే పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రమే లేవడం. రోజూ తెల్లవారుతూనే కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ నడిచే తెలుగువాళ్ళం నలుగురం: నేను, చిత్తూరు అక్క, నెల్లూరు వదిన, కర్నూలు అమ్మాయి. తగ్గాలని నలుగురికీ ఉంది, దారులే వేరు. వదినది కీటో, అంటే పిండిపదార్థం దాదాపు మానేసి కొవ్వు మీద నడిచే తిండి. కర్నూలు అమ్మాయిది పదహారు గంటల ఉపవాసం. అక్కది ఒకటే మాట, "ఏం చేసినా తగ్గదు మే, నాది థైరాయిడ్". నాది లెక్క. లెక్కలతో బతికేదాన్ని కాబట్టి అదే నాకు తేలిగ్గా ఉంటుందనుకున్నాను.

మొదటి మూడు వారాలు దండగ. వయసు, ఎత్తు, బరువు అడిగి, వారానికి ముప్పావు కిలో తగ్గాలని నేను నొక్కగానే యాప్ రోజుకు 1200 కెలోరీలని తేల్చేసింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళు తిరిగేవి. ఇంట్లో ఎవరు పలకరించినా కసిరేదాన్ని. మూడో ఆదివారం రాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి మొత్తం డబ్బా పాలకోవా తిన్నాను, అది రాసుకోలేదు కూడా. అప్పుడు కూర్చుని ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూశాను. 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం అది. బరువును పదితో, ఎత్తును 6.25తో గుణించి కలపాలి. వయసును అయిదుతో గుణించి అందులోంచి తీసేయాలి, ఆడవాళ్ళకైతే ఇంకో 161 తీసేయాలి. 158 సెంటీమీటర్ల ఎత్తు, అప్పటికి 41 ఏళ్ళ వయసు, నాకు వచ్చింది 1361. ఇది మంచం మీద కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసిన శక్తి. కూర్చుని చేసే పనికి దాన్ని 1.2తో గుణిస్తే 1630 దాకా వస్తుంది. పడుకున్న మనిషికి చాలనంత తిని ఆడిట్లు చేద్దామనుకున్నానన్నమాట! 1400కి మార్చుకున్నాను, నడక ఎలాగూ ఉంది. అక్కడి నుంచి ఏడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గింది.

ఇక అసలు కష్టం, వంటిల్లు. ఈ యాప్‌లన్నీ ఒక్కళ్ళు వండుకుని ఒక్కళ్ళే తినే ఇంటికి పనికొస్తాయి. మేం నలుగురం: నేను, మా ఆయన, పాప, అత్తయ్య. పప్పు గిన్నెలో నా వాటా ఎంతని రాయాలి? నేను కనిపెట్టిన పద్ధతి ఇది. ఇంట్లో వాడే గిన్నెలన్నిటినీ ఖాళీగా తూచి, ఆ బరువులు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. కుక్కర్ గిన్నె ఇంత, ఇత్తడి దబర ఇంత, కళాయి ఇంత. కందిపప్పు, నూనె, నెయ్యి పచ్చివిగా ఉన్నప్పుడే తూచి మొత్తం కెలోరీలు వేస్తాను. వంటయ్యాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేసి, నా పళ్ళెంలో పడిన గ్రాముల లెక్కన భాగిస్తాను. చదవడానికి పిచ్చిగా ఉంటుంది, చేయడానికి రెండు నిమిషాలు. అత్తయ్య మాత్రం మొదటి నెలంతా "బంగారం తూచినట్టు పప్పు తూస్తోంది" అని ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసింది.

బియ్యం దగ్గర బాగా దెబ్బతిన్నాను. పచ్చి బియ్యం వంద గ్రాములంటే 350 కెలోరీల పైమాట. అదే ఉడికిన అన్నమైతే వందకి 130 దగ్గర ఉంటుంది, ఎందుకంటే బరువులో సగం పైన నీళ్ళే. యాప్‌లో ఊరికే "రైస్" అని వచ్చినదాన్ని నొక్కి, పది రోజులు నూట యాభై గ్రాముల అన్నానికి 530 రాసుకుంటూ వచ్చాను. ఇంత తక్కువ అన్నానికి అంత లెక్కా అని బెంగపడి, రాత్రిపూట అన్నం మానేశాను కూడా. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ ఒక్కటి చూసుకోండి.

యాప్‌లలో మన వంటలు వాళ్ళకి తోచిన పేర్లతో ఉంటాయి. సంగటి "రాగి బాల్". జనవరి వస్తే బెంగుళూరంతా అవరెకాయల వాసనే, మన అనపకాయలే అవి. మా ఇంట్లో వారానికి రెండుసార్లు పితికిపప్పు పులుసు. దాన్ని వెతికితే ఏదో శనగల కూర చూపించింది. అందుకే వండిన వంటల పేర్లు వెతకడం మానేసి, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లోంచి పచ్చి దినుసుల అంకెలు తీసుకోవడం మొదలుపెట్టాను. 528 పదార్థాలున్నాయి అందులో, మన గింజలు, మన ఆకుకూరలు.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా కళ్ళు తెరిపించింది నూనె. కూరగాయలు తూచినా తూచకపోయినా ఒకటే, బీరకాయ యాభై గ్రాములు ఎక్కువైతే వచ్చే నష్టం లేదు. కానీ పిండిపదార్థం, మాంసకృత్తులు గ్రాముకి నాలుగు కెలోరీలైతే కొవ్వు తొమ్మిది. మా ఇంట్లో అయిదు లీటర్ల నూనె క్యాను సరిగ్గా నెలకి అయిపోయేది. లీటరు 910 గ్రాముల లెక్కన నలుగురికి పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 కెలోరీలు. బయట తిన్నది దీనికి అదనం. అదే పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజంతటికీ కలిపి 2000 కెలోరీల తిండికి నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములే. ఇప్పుడు ఆ క్యాను యాభై రోజులు వస్తోంది. తాలింపు మానలేదు, వేపుళ్ళు మానలేదు. నూనె సీసా తీసేసి స్టీలు డబ్బాలో చెంచా పెట్టాను, అంతే. ఇంట్లో వాళ్ళెవరికీ రుచిలో తేడా తెలియలేదు. అత్తయ్యకి తెలిసింది, ఆవిడ చెప్పలేదు.

ఇక తగవులు.

వదినతో పెద్దగా పేచీ లేదు. కీటోలో మొదటి వారం మూడు కిలోలు తగ్గిందని పార్టీ ఇచ్చింది. పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిలవుంటుందని, అది తనతో పాటు మూడింతల నీటిని పట్టి ఉంచుతుందని, పిండిపదార్థం మానగానే ముందు పోయేది ఆ నీళ్ళేనని నేను పార్టీలోనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, బిరియానీ ఆవిడే తెప్పించింది. ఆవిడ మాత్రం తినలేదు పాపం. నాలుగు నెలలకి ఇడ్లీ మీద బెంగతో కీటో మానేసింది.

కర్నూలు అమ్మాయి గట్టిది, చదివి వస్తుంది. "అక్కా, ఎంత తిన్నామన్నది కాదు, ఎప్పుడు తిన్నామన్నదే" అనేది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది మీద ఏడాది చేసిన పరీక్ష చూపించాను. అందరికీ కెలోరీలు తగ్గించి, సగం మందిని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపలే తినమన్నారు. రెండు గుంపులూ తగ్గాయి, చెప్పుకోదగ్గ తేడా లేదు. వారం ఊరుకుని తను ఇంకోటి తెచ్చింది. అమెరికా ప్రభుత్వ సంస్థలో కెవిన్ హాల్ 2019లో చేసినది. ఇరవై మందిని లోపలే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట, ఎవరికి ఎంత కావాలంటే అంత పెట్టారు. వడ్డించినదాంట్లో కెలోరీలు, చక్కెర, పీచు రెంటిలోనూ సమానమే. అయినా ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో తెలియకుండానే రోజుకు 500 కెలోరీలు ఎక్కువ తిన్నారు. "నీ లెక్క తిన్న తర్వాత రాసుకునేది. ఎందుకు తిన్నావో అది చెప్పదు కదక్కా" అంది. జవాబు తట్టలేదు, ఇప్పటికీ తట్టదు. అన్నం కంటే సంగటే మేలని చిత్తూరు అక్క అన్నదీ ఇలాంటిదే. రాగిపిండికీ బియ్యానికీ కెలోరీల్లో పెద్ద తేడా లేదు, వందకి 320 ఒకటి, 350 ఒకటి. అంకెలు చూసి అక్కతో వాదించాను. కానీ సంగటి ముద్ద ఒకటి తిన్నాక రెండోది నోటికి పోదు, అన్నమైతే మూడోసారి పెరుగుతో కలుపుకుంటాను. అక్కదే రైటు.

అక్కతోనే తప్పు చేశాను. "నేను రోజుకు పన్నెండొందలు కూడా తినను మే, అయినా తగ్గదు" అని పదే పదే అనేది. నాకప్పటికి ఎనిమిది కిలోలు తగ్గిన పొగరు. 1992లో న్యూయార్క్‌లో చేసిన పరిశోధన ఒకటి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తక్కువ తింటున్నా తగ్గడం లేదన్నవాళ్ళని కొలిచి చూస్తే, వాళ్ళు చెప్పినదానికీ తిన్నదానికీ పొంతన లేదు, తిన్నదాంట్లో సగానికి సగం లెక్కలోకి రాలేదు. కింద ఒక నవ్వు బొమ్మ. అక్క గ్రూపులోంచి వెళ్ళిపోయింది. నెలన్నర చెరువు దగ్గరికి రాలేదు.

ఆ నెలన్నరలోనే నా బరువూ ఆగిపోయింది. 66 దగ్గర అయిదు వారాలు కదల్లేదు. రోజూ 1400 రాస్తున్నాను, కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. ఆడిటర్‌ని కదా, నన్ను నేను ఆడిట్ చేసుకున్నాను. ఒక వారం నోట్లో పడిన ప్రతిదీ ముందు తూచాకే తిన్నాను. ఉప్పు చూడటానికి వేసుకున్న గరిటెడు, పాప వదిలేసిన సగం దోసె, ఆఫీసులో ఎవరో ఇచ్చిన చిక్కీ, బై-టూ కాఫీ అని చెప్పి ముప్పాతిక తాగినది. మూడు వందల దాకా లెక్కకి రాకుండా పోతున్నాయి. అబద్ధం చెప్పాలని ఒక్కటీ దాచలేదు, తిండి అని తోచలేదు, అంతే. ఆ పరిశోధనలో వాళ్ళూ నాలాంటివాళ్ళే అయి ఉంటారు. పైగా బరువు తగ్గితే ఖర్చూ తగ్గుతుంది. ఇప్పుడున్న 63 కిలోలకి, ఇప్పటి వయసుకి అదే సూత్రం వేసుకుంటే నాకు 1490కి మించి రాదు, మొదట్లో 1630 ఉండేది. ఆ కాగితాలు పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళి, నా దొంగలెక్కలు చూపించి, క్షమించమన్నాను. "కాఫీ తాగుతావా మే, తూచి ఇయ్యాల్నా?" అంది. తర్వాత డాక్టర్ దగ్గరికి తోడు వెళ్ళాను. థైరాయిడ్ తగ్గితే బరువు పెరిగే మాట నిజమేనట, అయితే మామూలుగా రెండు నుంచి అయిదు కిలోలు, అందులోనూ ఉప్పూ నీరూ ఎక్కువట. అక్క మాత్ర మోతాదు మార్చారు. అంటే ఆవిడా పూర్తిగా తప్పు కాదు.

ఆడవాళ్ళకి ఒక మాట. రోజూ బరువు చూసుకుంటే నెలసరి ముందు వారం టెన్షన్ తప్పదు. నాకు కిలోన్నర పైకి పోయి మళ్ళీ దిగుతుంది. కొవ్వు కాదది, నీరు. అదే రోజు పోయిన నెల ఎంత ఉన్నానో దాంతోనే పోల్చుకుంటాను. పోయిన వారంతో పోల్చడం మానేశాను.

తూచడం ఎందుకు ఆపానంటే, పధ్నాలుగో నెలలో మా పాప, పదేళ్ళు దానికి, దోసె చేతిలో పట్టుకుని "అమ్మా, ఇందులో ఎన్ని కెలోరీలు? నేను తినచ్చా?" అంది. ఆ రాత్రే ఫ్రిజ్ మీది కాగితం తీసేశాను. ఎదిగే పిల్లలున్న ఇంట్లో ఈ పని చేస్తే వాళ్ళ కంటపడకుండా చేయండి. తిండి విషయంలో ఇదివరకే మనసు చెదిరినవాళ్ళు, గర్భిణులు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా తిండి తగ్గించకండి.

ఆపాక ఎనిమిది నెలల్లో ఒకటిన్నర కిలో పెరిగి, తిరిగి తగ్గింది. ఇప్పుడు నూనెకి చెంచా, వేరుశెనగలకి చిన్న గిన్నె, మిగతాదంతా కంటి లెక్కే. బయట తిన్నప్పుడు, మా వీధి చివర దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, బెన్నె దోసె తిన్నప్పుడు, అసలు లెక్కే వేయను. ఆ పెనం మీద ఎంత వెన్న పడిందో వేసినవాడికే తెలియదు. నెలకి రెండు దోసెలని గీత గీసుకున్నాను, మూడోది కూడా తింటుంటాను.

కాటా ఇప్పటికీ పనిచేస్తోంది, రెండుసార్లు బ్యాటరీలు మార్చాను. మొన్న ఆదివారం అక్క ఇంట్లో భోజనం. అన్నం వడ్డిస్తూ "ఎన్ని గ్రాములు మే?" అంది, ఎగతాళిగా. పద్నాలుగు నెలలు తూచిన కన్ను కదా, నూట యాభై అన్నాను ధీమాగా. లోపలికి వెళ్ళి కొత్త కాటా ఒకటి పట్టుకొచ్చింది, ఎప్పుడు కొన్నదో ఏమో. పళ్ళెం బరువు తీసేసి చూస్తే రెండు వందల పది.