లంబసింగి చలికి ఏది మేలు? ఉన్ని, ఫ్లీస్, హుడీ

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో సగం మంది చూపు ఏజెన్సీ మీదే ఉంటుంది. వలిసె పూలకి అరకు, పొగమంచుకి లంబసింగి, మేఘాలకి వంజంగి. బండి మాట్లాడుకోవడం, గది దొరుకుతుందో లేదోనన్న టెన్షన్, దారిలో టిఫిన్ ఎక్కడ చేయాలన్న చర్చ, అన్నీ ముందే అయిపోతాయి. ఒంటి మీదికి ఏం కావాలన్నది మాత్రం బయల్దేరే రాత్రి బీరువా తెరిచాకే గుర్తొస్తుంది. చేతికి అందిన హుడీయో, ఎప్పుడో కొన్న స్వెట్టరో బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోతాం.

ఊళ్లో ఉండేవాళ్లకి అది చాలు. జనవరిలో కూడా విశాఖలో రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 17, 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లు మందపాటి స్వెట్టర్ వేసుకుంటే కాసేపటికే తీసి నడుముకి కట్టుకోవాలి. కానీ సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకి వెళితేనే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు, మబ్బు లేని రాత్రి నేలలోని వేడి త్వరగా ఆకాశంలోకి పోతుంది. కొండవాలు మీది చల్లటి గాలి బరువెక్కి లోయలోకి జారి పేరుకుంటుంది. చలి ముదిరిన రోజుల్లో అక్కడ 5 డిగ్రీల లోపుకి దిగిపోవడం అందుకే.

అయితే డిగ్రీలు చూసి బట్టలు కొనడం సరికాదని నా గట్టి అభిప్రాయం. మనకి ఒకే రాత్రిలో చెమటా పడుతుంది, మంచూ తడుపుతుంది, గాలీ కోస్తుంది. వంజంగిలో చివరి దారంతా చీకట్లో నడిచే ఎక్కాలి. సగం కొండ ఎక్కేసరికి వీపు తడిసిపోతుంది. పైకి వెళ్లాక సూర్యోదయం కోసం కదలకుండా నిలబడాలి, అదీ ఈదురుగాలిలో. వణుకు పుట్టేది ఎక్కేటప్పుడు కాదు, ఆగాకే. ఏ బట్ట మేలో తేల్చాల్సింది కూడా ఆ నిలబడ్డ గంటలోనే.

ఆ లెక్కన మొదట పక్కన పెట్టాల్సింది నూలు హుడీ. కుర్రాళ్లకి అదంటే ఇష్టం, ఫోటోల్లో బాగుంటుంది, కాదనను. కానీ నూలు చెమటని పీల్చుకుని వదలదు. తడిసిన నూలు పోగులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో గాలి నిలవదు. మనల్ని వెచ్చగా ఉంచేది నిజానికి బట్ట కాదు, దానిలో కదలకుండా నిలిచిన గాలి. అది పోయాక ఒంటికి మిగిలేది తడి గుడ్డ. జీన్స్ సంగతీ అంతే. లోపల నూలు బనియను వేసుకుని పైన ఎంత ఖరీదైన జర్కిన్ వేసినా వీపు మీద ఆ తడి అలాగే ఉంటుంది.

తర్వాత మనం ఉన్ని అని నమ్మి కొనే స్వెట్టర్. చలికాలం రాగానే టిబెటన్లు పెట్టే దుకాణాల్లోనూ, రోడ్డు పక్క బండ్ల మీదా దొరికేవాటిలో ఎక్కువ భాగం యాక్రిలిక్ అనే కృత్రిమ పోగువి. లూధియానా వైపు నుంచి వచ్చే ఈ సరుకులో మోసమేమీ లేదు, ఆ ధరకి ఉన్ని రాదు. చూడ్డానికి ఉన్నిలాగే ఉంటుంది, తేలిక, ఉతకడం సులువు, పురుగు పట్టదు. గాలి లేనిచోట కూర్చున్నప్పుడు వెచ్చగానే ఉంటుంది. అసలు ఉన్నికి ఉన్న గుణాలు మాత్రం దీనికి రావు. తేడా తెలుసుకోవాలంటే లోపలి కుట్టు దగ్గర చిన్న పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్ల పూసలా మిగులుతుంది. కొత్తది కొనేటప్పుడు లేబుల్ చదవడమే మేలు. వుల్‌మార్క్ గుర్తు ఉంటే నూటికి నూరు శాతం కొత్త ఉన్ని అని అర్థం.

ఇక అసలు పోటీ ఉన్నికీ, ఫ్లీస్‌కీ మధ్యే.

ఫ్లీస్ అంటే పాలిస్టర్‌ని నూగు లేచేలా చేసిన మెత్తటి బట్ట. 1970ల చివర్లో అమెరికాలోని మాల్డెన్ మిల్స్‌లో పుట్టింది. కొండలెక్కేవాళ్లు ఉన్ని వదిలి దీనికి మళ్లడానికి కారణాలు గట్టివే. బరువు తక్కువ, ధర తక్కువ, తడిస్తే ఓసారి పిండి దులిపితే చాలు, త్వరగా ఆరిపోతుంది. పాలిస్టర్ పోగు తనలోకి నీటిని దాదాపు తీసుకోదు, దాని బరువులో అర శాతం కూడా ఉండదు.

ఉన్ని దారి వేరు. 20 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచితే ఉన్ని తన పొడి బరువులో దాదాపు 16 శాతం తేమను లోపలికి తీసుకుంటుంది. నూలు అదే పరిస్థితిలో 8 శాతం దగ్గర ఆగుతుంది. మరి ఉన్నే ఎక్కువ తడి కావాలి కదా అనిపిస్తుంది. తేడా అంతా తేమ ఎక్కడ చేరుతుందన్నదే. ఉన్ని తేమను ఆవిరిగా ఉండగానే పోగు లోపలికి లాక్కుంటుంది, పోగు పైపొర మాత్రం నీటిని అంటనివ్వదు. బరువులో 30 శాతం దాకా తేమ చేరినా చేతికి తడి తెలియదు. పైగా ఆ తేమను తీసుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా పుడుతుంది. ఉంగరాలు తిరిగిన పోగు స్ప్రింగులా మళ్లీ లేస్తుంది కాబట్టి మధ్యలో గాలి నిలిచే ఉంటుంది. చెమటతో కొండెక్కి, ఆగిపోయి, గాలిలో నిలబడే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? వంజంగి మీద నా ఓటు అందుకే ఉన్నికి, అదీ ఒంటికి తగిలేలా వేసుకునే పలుచటి ఉన్నికి.

పలుచటి అని ఎందుకంటున్నానంటే, మందపాటి స్వెట్టర్ ఒక్కటి ఉంటే చాలన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. 1924లో ఎవరెస్టు మీద చనిపోయిన జార్జ్ మాలరీ దేహం 1999లో దొరికినప్పుడు ఒంటి మీద పట్టు, నూలు, ఉన్ని బట్టలు పలుచగా పొరలు పొరలుగా ఉన్నాయి, పైన గాబర్డీన్ అనే, గాలి ఆపే దగ్గర నేత బట్ట. పొరలుంటే వేడెక్కినప్పుడు ఒకటి విప్పొచ్చు, చల్లబడ్డప్పుడు వేసుకోవచ్చు. వంజంగి ఎక్కడం మొదలుపెట్టేటప్పుడు కాస్త చలి తెలిసేలానే ఉండాలి. పైవి బ్యాగులో పెట్టుకుని, పైకి చేరగానే చెమట చల్లారకముందే వేసుకోవాలి.

ఉన్ని గుచ్చుకుంటుందని భయపడేవాళ్లకి ఒక మాట. గుచ్చేది లావు పోగు. 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన పోగులు చర్మం మీద వంగవు, పొడుస్తాయి. మెరినో గొర్రెల ఉన్ని 17 నుంచి 20 మైక్రాన్ల మధ్య దొరుకుతుంది, అది ఒంటికి తగిలినా మెత్తగా వంగిపోతుంది. మన నేలకీ ఉన్ని కొత్తేమీ కాదు. మన నెల్లూరు జాతి గొర్రెకి ఉన్ని ఉండదు, ఉండేది పొట్టి వెంట్రుకే. దక్కనీ జాతి గొర్రెకి మాత్రం ముతక ఉన్ని ఉంటుంది. కురుమలు నేసే నల్ల గొంగళి దాంతోనే. పడుగుకి చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ గొంగళి వానలోనూ చలిలోనూ గొర్రెల కాపరిని కాపాడింది. అది ఒంటి మీద వేసుకునే చొక్కా కాదు, పైన కప్పుకునే గుడారం లాంటిది. ఎవరింట్లోనైనా మంచి గొంగళి ఉంటే లంబసింగి రాత్రికి దాన్ని మించిన దుప్పటి లేదు, తీసుకెళ్లండి.

చలిమంట దగ్గర ఉన్నికి, ఫ్లీస్‌కి తేడా మరీ ఎక్కువ. టెంట్లు వేసే ప్రతిచోటా రాత్రి మంట ఉంటుంది, చుట్టూ పిల్లలూ పెద్దలూ చేరతారు. పాలిస్టర్ 250, 260 డిగ్రీలకే కరుగుతుంది. ఎగిరిన నిప్పురవ్వ పడితే ఫ్లీస్‌కి చిల్లు పడుతుంది, పెద్ద మంట అంటుకుంటే కరిగిన ప్లాస్టిక్ చర్మానికి అతుక్కుంటుంది. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. కరగదు, రవ్వ పడ్డచోట మాడి ఆరిపోతుంది. పిల్లలకి ఫ్లీస్ వేసి మంట దగ్గరికి పంపేటప్పుడు పైన ఉన్ని శాలువా కప్పండి, లేదా కాస్త దూరంగా కూర్చోబెట్టండి. ఇది ధరతోనో ఫ్యాషన్‌తోనో తేల్చే విషయం కాదు.

బైకు మీద వెళ్లేవాళ్లకి లెక్క మొత్తం మారిపోతుంది. 10 డిగ్రీల చలిలో గంటకి 40 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి 6 డిగ్రీల చలిలా ఉంటుంది. 5 డిగ్రీలైతే సున్నా కంటే ఒక డిగ్రీ కిందకి వెళ్లినట్టే. అల్లిన స్వెట్టర్‌లోంచీ, మామూలు ఫ్లీస్‌లోంచీ గాలి దూసుకుపోతుంది, వాటిలో నిలిచిన వెచ్చటి గాలిని తరిమేస్తుంది. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఉన్నియా, ఫ్లీసా అన్న వాదనే అనవసరం. ఏదైనా సరే, పైన విండ్‌చీటర్ ఉండాలి. కొత్తది కొనక్కర్లేదు, వానాకాలం వాడిన రెయిన్‌కోటు పైభాగం చక్కగా పనిచేస్తుంది. చేతి గ్లౌజులూ, మెడకి మఫ్లరూ స్వెట్టర్ కంటే ముందు చూసుకోవాలి.

దూది కూరినట్టు ఉబ్బుగా ఉండే జాకెట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. గాలి ఆపుతాయి, కదలకుండా కూర్చునేవాళ్లకి చాలా హాయి. అసలు ఈకలు కూరినవి మంచులో తడిస్తే ముద్దకట్టి పనికిరావు. పాలిస్టర్ కూరినవి మన తడి చలికి నయం. వేసుకుని కొండెక్కితే మాత్రం చెమటతో స్నానమే.

డబ్బు విషయానికొస్తే ఫ్లీస్‌ని తక్కువ చేయలేను. ఒక మంచి మెరినో బనియను ఖరీదుకి రెండు మూడు ఫ్లీస్‌లు వస్తాయి. ఏడాదికోసారి కారులో వెళ్లి, లంబసింగిలో మంచు చూసి, టీ తాగి వచ్చే కుటుంబం ఇంటిల్లిపాదికీ మెరినో కొనడం వృథా. వాళ్లకి ఫ్లీసూ, దాని మీద రెయిన్‌కోటూ, తలకి మంకీ క్యాపూ చాలు. ఏటా పెరిగే పిల్లలకైతే ఫ్లీసే సరి. కిరండూల్ రైల్లో అరకు వెళ్లే అమ్మమ్మలకి, తాతయ్యలకి ఉన్ని శాలువా కంటే సుఖమైనది లేదు. కిటికీ దగ్గర కప్పుకోవచ్చు, ఎండ రాగానే మడిచి పక్కన పెట్టుకోవచ్చు. తరచూ ట్రెక్కులకి వెళ్లేవాళ్లు మాత్రం ఒక్క జత పలుచటి మెరినోకి డబ్బు దాచుకోవాలి. రెండు రోజులు వేసినా చెమట వాసన పట్టదు. పాలిస్టర్ ఒక్కపూటకే వాసన వేస్తుంది. ఇంకో సంగతి, ఫ్లీస్‌ని ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ నూగు నీళ్లలో కలుస్తుంది. సముద్రం ఒడ్డున బతికేవాళ్లం, దాన్ని అవసరమైనప్పుడే ఉతుకుదాం.

ఉన్ని మన దగ్గర ఓడిపోయేది కొండ మీద కాదు, ఇంట్లో. ఏడాదిలో మిగతా నెలలన్నీ అది విశాఖ ఉక్కపోతలో, బీరువా మూలన ఉండాలి. ఫ్లీస్‌ని మడిచి అటక మీద పడేసినా ఏం కాదు. ఉన్ని మాత్రం జంతువు బొచ్చు, పురుగుకి ఆహారం. చెమట, కూర మరకలు ఉంటే మరీ ఇష్టంగా తింటుంది. అందుకే టూర్ అయ్యాక ఉతక్కుండా దాచొద్దు. చల్లటి నీళ్లలో, ఉన్ని బట్టల కోసం అమ్మే లిక్విడ్ వేసి, చేత్తో మెల్లగా నొక్కి ఉతకాలి. వేడినీళ్లు, వాషింగ్ మెషీన్ తగిలితే పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని స్వెట్టర్ పిల్లాడి సైజుకి వస్తుంది. పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కితే నీరు పోతుంది. దండెం మీద వేలాడదీస్తే సాగిపోతుంది కాబట్టి నీడన పరిచి ఆరబెట్టాలి. పూర్తిగా ఆరాక మూత బిగుసుకునే కవరులో పెట్టి, వానలు తగ్గాక ఒకసారి తీసి దులిపి కాసేపు ఎండ తగలనివ్వాలి. కలరా ఉండలు వేసే అలవాటుంటే పసిపిల్లల బట్టల్లో మాత్రం వేయొద్దు. కొందరు పిల్లలకి పుట్టుకతో ఉండే జీ6పీడీ అనే ఎంజైము లోపం వల్ల ఆ వాసన పీల్చినా ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. ఇంత శ్రద్ధ పెట్టే తీరిక లేని ఇంటికి, ఉన్ని ఎంత గొప్పదైనా ఫ్లీస్ కొనమనే చెబుతాను.