రైస్ కుక్కర్ కొంటున్నారా? ముందు గిన్నెకు వారంటీ ఉందేమో అడగండి

పెట్టె మీద '5 ఏళ్ళ వారంటీ' అని పెద్ద అక్షరాలతో ఉంటే మొత్తం కుక్కర్‌కే అనుకున్నాను. కాదట. ఆ 5 ఏళ్ళూ కింద ఉండే హీటర్ ప్లేటుకి మాత్రమే. మిగతా కుక్కర్‌కి ఏడాది. లోపలి గిన్నెకీ, దాని నాన్‌స్టిక్ పూతకీ అసలేమీ లేదు. ఈ మూడు ముక్కలు తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలూ, దాదాపు అయిదు వేల రూపాయలూ పట్టాయి.

కొన్నది 1.8 లీటర్ల కుక్కర్, 3,200 రూపాయలు. కొట్లో డెమో చూపించిన అబ్బాయి గుప్పెడు బియ్యం ఆ నల్ల గిన్నెలోనే పోసి, బాటిల్‌తో నీళ్ళు పోసి, చేత్తో గరగరా తిప్పి వంపేశాడు. "ఇందులోనే కడిగి ఇందులోనే పెట్టేయొచ్చు మేడం, ఇంకో గిన్నె తోమే పని లేదు" అన్నాడు. ఆ మాటకే పడిపోయాను, నిజం చెప్పొద్దూ.

మా ఇంట్లో బియ్యం ఊరి నుంచి అత్తయ్య పంపిస్తారు. సోనా మసూరి, ఏడాది పాతవి. పురుగు పట్టకుండా బోరిక్ పొడి పట్టించి పంపుతారు. అందుకని ఒక నీళ్ళతో సరిపెట్టడం కుదరదు, నాలుగు నీళ్ళు పోసి కడగాల్సిందే. రోజుకి రెండు పూటలు. చేతికి గాజులు, ఉంగరం. బియ్యంలో ఎక్కడో ఒక రాయి, ఒక వడ్ల గింజ. నాలుగో నెలకల్లా గిన్నె అడుగున సన్నటి గీతలు, ఆ తర్వాత పొరలు. ఒకరోజు తెల్లటి అన్నంలో నల్లటి రేకు వచ్చింది. నల్ల చీమేమో అనుకున్నాం. కాదు, పూత.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అక్కడి ఆయన మొదట అడిగిన ప్రశ్న, "ఇందులో బియ్యం కడిగేవారా?" నేను అమాయకంగా "అవునండీ" అన్నాను. అంతే, జాబ్ షీటు మీద 'వాడకంలో లోపం' అని రాసి సంతకం పెట్టమన్నాడు. కుక్కర్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో 11వ పేజీలో, భూతద్దం పెట్టి చూడాల్సినంత అక్షరాల్లో, బియ్యం వేరే పాత్రలో కడగాలని ఉందట. ఉంది. ఇంటికొచ్చి చూశాను. కొత్త గిన్నె 1,450 రూపాయలు, అదీ పదిహేను రోజులకి వస్తుందట.

ఇక్కడ నేను చేసిన అసలు తప్పు చెప్తాను. దీని గురించే ఇదంతా రాస్తున్నది. 1,450 ఎందుకు దండగ అని బజార్లో స్టీలు సామాన్ల కొట్లో 'అన్ని కంపెనీలకీ సరిపోతుంది' అన్న గిన్నె 550కి తెచ్చాను. లోపల అందంగా కూర్చుంది, మూత కూడా పట్టింది. అన్నం మాత్రం మొదటిరోజే పలుకు. స్విచ్ టక్కుమని ముందే పైకి లేచిపోతోంది. మళ్ళీ నొక్కుతాను, మళ్ళీ లేస్తుంది. ఒక పక్క మాడు, ఇంకో పక్క బియ్యం.

కారణం తర్వాత మెకానిక్ విప్పి చూపించాడు. ప్లేటు మధ్యలో స్ప్రింగు మీద గుండ్రటి బిళ్ళ ఉంటుంది. అందులో అయస్కాంతం. గిన్నెలో నీళ్ళున్నంత సేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్ళు ఇంకిపోగానే పైకి పోతుంది. 103 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఆ బిళ్ళలోని లోహం అయస్కాంతానికి అంటుకునే గుణం పోగొట్టుకుని వదిలేస్తుంది, స్విచ్ 'వార్మ్'లోకి పడుతుంది. మనం ఎసరు కొలిచి అత్తెసరు పెట్టి, చప్పుడు విని మంట తగ్గించే పనిని అది చేస్తోందన్నమాట. అయితే అది పనిచేయాలంటే గిన్నె అడుగు ప్లేటుకీ బిళ్ళకీ ఎక్కడా సందు లేకుండా ఆనాలి. అసలు గిన్నె అడుగు ప్లేటు వంపుకి తగ్గట్టు చేసి ఉంటుంది. నేను తెచ్చింది చదును. మధ్యలో సందు. దాంతో బిళ్ళ గిన్నె వేడిని కాక ప్లేటు వేడిని చూసి ముందే వదిలేస్తోంది. గిన్నె కింద ఒక్క మెతుకు ఇరుక్కున్నా ఇదే గొడవ.

తెలిసినావిడ ఒకరు స్విచ్ లేవకుండా దాని పైన చెంచా దూర్చమని సలహా ఇచ్చారు. రెండుసార్లు నేనూ చేశాను. దయచేసి ఎవరూ చేయకండి. మూడోసారి వైరు కాలిన వాసన వచ్చి కుక్కర్ ఆగిపోయింది. లోపల థర్మల్ ఫ్యూజ్, అంటే వేడి మితిమీరితే తను పోయి కరెంటు ఆపేసేది, పోయింది. ఆ చిన్న ముక్క ముప్పై నలభై రూపాయల వస్తువు. అది పోయింది కాబట్టే వంటింట్లో ఇంకేమీ కాలలేదు. మజూరీతో 400 అయింది. కొందరు రిపేరు వాళ్ళు ఫ్యూజ్ తీసేసి వైరుకి వైరు కలిపేస్తారట, కుక్కర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఈసారి ఆపేది మాత్రం ఉండదు. 'ఫ్యూజ్ వేశావా, డైరెక్ట్ ఇచ్చావా' అని అడిగి, పాతది చేతికి తీసుకోండి.

ఇప్పుడు బియ్యం స్టీలు గిన్నెలో కడుగుతున్నాను. మొదటి నీళ్ళు పోసిన వెంటనే రెండు తిప్పులు తిప్పి వంపేస్తాను. పొడి బియ్యం ముందు తగిలిన నీళ్ళనే పీల్చుకుంటాయి, తవుడు వాసన అందులోనే ఉంటుంది. తర్వాతి నీళ్ళు నిమ్మళంగా. పిసకడం అక్కర్లేదు, పిసికితే నూకలవుతాయి. నీళ్ళు పలచటి మజ్జిగ తేటలా అయితే చాలు. కడగకుండా పెడితే పిండి నురగ కట్టి పొంగి, ఆవిరి రంధ్రంలోంచి ప్లేటు మీదికి కారి అక్కడే మాడి పెచ్చులా అంటుకుంటుంది, ఆ తర్వాత గిన్నె కుదురుగా కూర్చోదు. బోరిక్ పొడి కలవని బియ్యమైతే కడుగు నీళ్ళు మొక్కలకి పోసుకోవచ్చు, మావి మాత్రం సింకులోకే. ఇక కడిగిన బియ్యం కుక్కర్ గిన్నెలోకి మార్చాక అడుగు పొడిగుడ్డతో తుడవకుండా ఎప్పుడూ ప్లేటు మీద పెట్టకండి. చెక్క గరిటె మీకు తెలిసిందే. పులిహోర ఆ గిన్నెలోనే కలిపే అలవాటుంటే మానేయండి, గీతలు పడ్డ పూతకి చింతపండు పులుసు తోడైతే కింది అల్యూమినియం బయటపడుతుంది.

డబ్బుల సంగతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డెమోలో గిన్నెలోనే కడిగి చూపించారన్నది నా వాదన. బిల్లు, జాబ్ షీటు దాచుకోవడం పనికొచ్చింది. మూడు వారాలకి కంపెనీ వాళ్ళు గిన్నె సగం ధరకి ఇస్తామన్నారు. పూర్తిగా ఇమ్మని పోరాడే ఓపిక లేక 725 కట్టాను.

కొత్త గిన్నె తీసుకోవడానికి పోయిన ఆదివారం అదే కొట్టుకి వెళ్తే, అదే అబ్బాయి, అదే నల్ల గిన్నె, గుప్పెడు బియ్యం గరగరా తిప్పుతున్నాడు. ఎదురుగా ఓ పెద్దావిడ, పక్కన కూతురు. ఉండబట్టలేక నా గిన్నె కథ రెండు మాటల్లో చెప్పాను. ఆవిడ నావైపు ఓసారి, బియ్యం వైపు ఓసారి చూసి, "గిన్నెకి వారంటీ ఎన్నాళ్ళు బాబూ?" అని అడిగింది. ఆ అబ్బాయి నీళ్ళు నమిలాడు.