కడపలో సండే ఇంగ్లీష్ రీడింగ్ క్లాస్: క్లాట్ పిల్లలుంటే ఒకసారి చూడండి

మా చెల్లెలు క్లాట్ (లా కాలేజీల్లో సీటుకి పెట్టే ఎంట్రన్స్) రాస్తాంది, అందుకే ఏడు రోడ్ల దగ్గర జరిగే ఈ క్లాస్‌లో చేర్చినాం, పెద్దోళ్లని కూడా కూర్చోనిస్తారు కాబట్టి నేనూ పోతాండా. 2020 నుంచి క్లాట్ అంతా పాసేజీల మీదే నడుస్తాంది, ఇంగ్లీష్‌లో ఒక్కోటి 450 పదాల దాకా ఉంటాది, గ్రామర్ బిట్లు బట్టీ పడితే అయ్యే పని కాదు.

సార్ ఏది చదివించినా మొదట అడిగేది రెండే: ఇది ఎవురికి రాసినాడు, వాళ్ల చేత ఏం చేయించాలని రాసినాడు. అమెరికాలో నల్లోళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్ 1963లో అక్కడి బర్మింగ్‌హామ్ జైల్లో ఉండి రాసిన ఉత్తరం తీసుకున్నారు. మీ ఉద్యమానికి ఇది సమయం కాదు, బయటోళ్లు వచ్చి చేయిస్తాండారు అని స్టేట్‌మెంట్ ఇచ్చిన ఎనిమిది మంది తెల్ల మతపెద్దలకి అది జవాబు. ఆయన వాళ్లని తిట్టడు, నా తోటి మతబోధకులారా అని మొదలుపెడతాడు, నేనూ మీలో ఒకన్నే అని మొదటి లైన్లోనే చెప్పేసినట్టు.

అందులో ఓపిక పట్టమన్నోళ్లకి జవాబుగా ఒక వాక్యం ఉండాది, మూడొందల పదాలకి పైనే, ఫుల్‌స్టాప్ ఎంతకీ రాదు. మా చెల్లెల్ని లేపి గట్టిగా చదవమన్నారు. నల్లపిల్లల్ని రానీని పార్కుకి మనం ఎందుకు పోకూడదని ఆరేళ్ల కూతురు అడిగితే నాయనకి నోరు పెగలని చోటు వస్తాది, అక్కడ మా చెల్లెలికి గొంతు పట్టేసింది, అయినా వాక్యం అయిపోల్యా. చదివినాక సార్ అడిగినారు, ఆ ఫుల్‌స్టాప్ కోసం ఎంతసేపు కాచుకున్నారమ్మా, అని. క్లాసంతా గమ్మునుంది. అంత పొడుగు ఎందుకు రాసినాడో ఎవురూ వివరించే పని లేకపాయ.

ఇంకోసారి ప్లాట్ల పాంప్లెట్ తెచ్చినారు, హైవేకి ఐదు నిమిషాలు అంటే ఏ బండి మీద, ఏ టైంలో అని పిల్లలే పట్టుకున్నారు.

రాసిన ఆన్సర్లు దిద్ది ఇచ్చేది మాత్రం చానా లేటు. తప్పు యాడుందో తెలిసే లోపల ఇంకో వ్యాసం మొదలయితాది, పిల్లలకి ఇది నిజంగా నష్టం, ఖచ్చితంగా మార్చుకోవాల. జిరాక్స్ కాపీలు కూడా మసకగా ఉంటాయి.

షార్ట్‌కట్ ట్రిక్స్ కావాలంటే ఇక్కడ దొరకవు. ఇంటర్ ఫస్టియర్లోనే చేర్పించండి, పరీక్షకి రెండు నెలల ముందు వస్తే ఈ చదివే పద్ధతి అలవాటయ్యేకి టైం సాలదు.