యాక్సెస్ ఫారాలు అలాగే ఉంచి, టేబుళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మార్చి వాడితే

బిల్లింగు, స్టాకు, జీతాల పట్టీ... చిన్న ఆఫీసుల్లో ఇవన్నీ ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ మీదే నడుస్తున్నాయి. యాక్సెస్ ఒక్కదానితోనూ, వెనక సర్వర్ పెట్టీ, రెండు పద్ధతుల్లోనూ ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం ఇది: డేటా ఉండే టేబుళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఇంజనుకు మార్చండి, డేటా కొట్టే తెరలైన ఫారాల జోలికి పోకండి. యాక్సెస్‌లో అయినంత త్వరగా ఫారాలు, రిపోర్టులు తయారుచేసుకునే సాధనం మరొకటి నాకు కనబడలేదు.

కాగితం మీద యాక్సెస్ 255 మందిని భరిస్తుంది. నిజానికి తీగ నెట్‌వర్క్‌లో ఏడెనిమిది మంది రాసేదాకా ఇబ్బంది ఉండదు, అదీ ఫారాల ఫైలు ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకి విడిగా ఉంటే. వైఫై మీద ఒక్కరు పనిచేసినా ప్రమాదమే. రాస్తుండగా సిగ్నల్ తెగితే ఫైలులోని ఒక ముక్క సగం రాసి ఆగిపోతుంది, మర్నాడు 'అన్‌రికగ్నైజ్డ్ డేటాబేస్ ఫార్మాట్' అని పలకరిస్తుంది. ఫైలు సైజు 2 జీబీ దాటకూడదు. చెరిపేసిన రికార్డుల జాగా, ఫైలును కుదించే 'కాంపాక్ట్' చేసేదాకా తిరిగి రాదు కాబట్టి, ఫైలు 1 జీబీ దాటిందంటే మారే పని మొదలుపెట్టాల్సిందే.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చిన్న కూర్పు ఎక్స్‌ప్రెస్ ఉచితం. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి, మామూలు వ్యాపారానికి అది చాలా ఎక్కువ. మరో ఉచిత డేటాబేస్ ఇంజను పోస్ట్‌గ్రెస్‌కు ఆ పరిమితి లేదు, ఇంజనుగా నాకు అదే ఎక్కువ ఇష్టం. కానీ అది చిన్న, పెద్ద ఇంగ్లీషు అక్షరాలను వేరుగా చూస్తుంది. యాక్సెస్‌లో ఎలా కొట్టినా దొరికిన పార్టీ పేరు అక్కడ దొరకదు, వెతికే క్వెరీలన్నీ (డేటాను అడిగే ఆదేశాలు) తిరగరాయాలి. యాక్సెస్ లాంటి ఉచిత సాధనం లిబ్రాఆఫీస్ బేస్‌ను నలుగురు కలిసి వాడే పనికి నేను సిఫారసు చేయను.

మార్చడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత సాధనం ఎస్‌ఎస్‌ఎంఏ (ఎస్‌క్యూఎల్ సర్వర్ మైగ్రేషన్ అసిస్టెంట్). ఇదే పని చేసే పాత అప్‌సైజింగ్ విజార్డ్‌ను యాక్సెస్ 2013లోనే తీసేశారు. మీ ఆఫీస్ 32 బిట్ అయితే ఎస్‌ఎస్‌ఎంఏ కూడా 32 బిట్‌దే వేయండి, లేకపోతే యాక్సెస్ ఫైలు తెరుచుకోదు. వేరే కంప్యూటర్ల నుంచి కనెక్ట్ కావడానికి కావాల్సిన టీసీపీ/ఐపీ ఎక్స్‌ప్రెస్‌లో ముందే ఆపేసి ఉంటుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దాన్ని ఆన్ చేసి, పోర్టు 1433 అని పెట్టి, సర్వీసును రీస్టార్ట్ చేసి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరవాలి. సర్వర్ టేబుళ్లను యాక్సెస్‌కు చేత్తో లింక్ చేస్తే ప్రతి టేబుల్ పేరు ముందు 'డీబీఓ' వచ్చి చేరుతుంది. దాన్ని తీసి పాత పేరే పెడితే క్వెరీలు యథాతథంగా నడుస్తాయి. ప్రైమరీ కీ (ఒక్కో రికార్డును విడిగా గుర్తుపట్టే ఫీల్డు) లేని టేబుల్ చూడటానికే పనికొస్తుంది, అందులో రాయనివ్వదు.

అసలు తలనొప్పి అవును/కాదు ఫీల్డుతో. రికార్డు మార్చి సేవ్ చేయబోతే 'రైట్ కాన్‌ఫ్లిక్ట్' అంటూ, వేరెవరో దీన్ని మార్చారని చెప్తుంది. ఆఫీసులో ఉన్నది మీరొక్కరే! సంగతేమిటంటే, సర్వర్‌లోని బిట్ ఫీల్డు ఖాళీగా, అంటే నల్‌గా, ఉంది. యాక్సెస్ దాన్ని 'కాదు' అని చదువుకుంది. సేవ్ చేసేటప్పుడు 'పాత విలువ 0 ఉన్న రికార్డు' కోసం వెతికితే దొరకలేదు, కాబట్టి ఎవరో మార్చేశారనుకుంది. నల్‌లన్నిటినీ 0 చేసి, డిఫాల్ట్ 0 పెట్టి, నల్ కుదరకుండా చేయండి. ప్రతి టేబుల్‌కూ, రికార్డు మారినప్పుడల్లా తనంతట తానే మారే రోవెర్షన్ కాలమ్ ఒకటి కలిపి మళ్లీ లింక్ చేయండి. తీరిపోతుంది.

తేదీలదీ అలాంటి గోలే. 2019 బదులు 0219 అని పడ్డ తేదీని యాక్సెస్ కిమ్మనకుండా దాచుకుంటుంది. సర్వర్‌లో డేట్‌టైమ్ రకం 1753కు ముందు తేదీని ఒప్పుకోదు. డేట్‌టైమ్2 ఒప్పుకుంటుంది, కానీ యాక్సెస్‌ను సర్వర్‌తో కలిపే ఓడీబీసీ డ్రైవర్లలో విండోస్‌తో వచ్చే పాతది దాన్ని అక్షరాలుగా చూపిస్తుంది. వెర్షన్ 17 లేదా 18 డ్రైవర్ వేయండి. 18 ముందే ఎన్‌క్రిప్షన్ అడుగుతుంది, నమ్మదగిన సర్టిఫికెట్ లేకపోతే మామూలుగా కనెక్ట్ కాదు.

తెలుగు పేర్లున్న కాలమ్ ఎన్‌వార్‌చార్‌గానే (యూనికోడ్ అక్షరాల రకం) వెళ్లిందో లేదో చూసుకోండి. వార్‌చార్ అయితే మామూలుగా అన్నీ ప్రశ్నార్థకాలే మిగులుతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టిన పాత డేటా ఉంటే, మార్చకముందే యూనికోడ్ చేసుకోవాలి.

మార్చాక వేగం పెరుగుతుందనుకుంటే పొరపాటు. టేబుల్ మొత్తాన్ని తెరిచే ఫారం మునుపటికంటే నెమ్మదిస్తుంది. వడపోతతో తెరవండి, పెద్ద రిపోర్టులను, నేరుగా సర్వరే నడిపే పాస్-త్రూ క్వెరీలుగా రాయండి. బిల్లు నంబరుకు ఆటోనంబర్ వాడుతుంటే, ఇకపై అది సేవ్ అయ్యాకే కనిపిస్తుంది. ముందే దాన్ని చదివే కోడ్ అంతా వెతికి సరిచేయాలి.

ఎక్స్‌ప్రెస్‌లో వేళకు పనులు నడిపే ఏజెంట్ లేదు, కాబట్టి బ్యాకప్‌ను విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి. చోటు చెప్పకపోతే ఆ ఫైలు సర్వర్ సొంత ఫోల్డర్‌లోనే, ఎక్కువగా డేటా ఉన్న డిస్కులోనే, పడుతుంది. రోజూ వేరే డిస్కుకు కాపీ చేసి, నెలకోసారి ఇంకో కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి తెరిచి చూడండి.