ఓర్లాండో వాదన: రైడ్లలో ఎవరు, థీమింగ్‌లో ఎవరు?

“డిస్నీ అంటే థీమింగ్, యూనివర్సల్ అంటే రైడ్లు.” అమెరికాలోని ఫ్లోరిడాలో, డిస్నీ, యూనివర్సల్ థీమ్ పార్కులున్న ఓర్లాండో వెళ్లొచ్చిన వాళ్లని ఎవరిని అడిగినా ఈ ఒక్క ముక్కతో తేల్చేస్తారు. థీమింగ్ అంటే ఒక కథాలోకాన్ని ఊరిలా కట్టి చూపించడం. మా బావకీ నాకూ మాత్రం అది తేలడం లేదు. తను పక్కా డిస్నీ మనిషి, నేను యూనివర్సల్ వైపు. కుటుంబాలతో కలిసి రెండు చోట్లా తిరిగొచ్చాక వాదన తగ్గకపోగా ఇంకా పెరిగింది. “ఎవరు గట్టిగా ఊపారో చూస్తావు గానీ, ఊరు ఎవరు బాగా కట్టారో చూడవు” అంటాడు బావ. నా పేచీ అక్కడే. ఊరు కట్టడంలో యూనివర్సల్ ఇప్పుడు ఎవరికీ తీసిపోదు.

మొదట రైడ్ల సంగతి. రోలర్ కోస్టర్ల విషయంలో నాకు అసలు అనుమానమే లేదు, యూనివర్సల్ పార్కు ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌దే పైచేయి. 2021లో వచ్చిన వెలోసికోస్టర్ గంటకు 70 మైళ్ల వేగంతో 155 అడుగుల ఎత్తుకు దూసుకెళ్లి, అక్కడి నుంచి దాదాపు నిట్టనిలువుగా కిందికి వస్తుంది. భుజాల మీద పట్టీలేమీ ఉండవు, తొడల మీద ఒక్క బార్ అంతే. చివర్లో నీళ్లకు కాస్త పైన బండి మొత్తం తలకిందులుగా మెలి తిరుగుతుంది. ఒళ్లు సీటు వదిలేసి ఆ బార్‌కే వేలాడుతున్నట్టు ఉంటుంది. దిగాక కూడా కాసేపు కాళ్లు వణికాయి. వెంటనే మళ్లీ లైన్లో నిలబడాలనిపించింది.

అక్కడ లాకర్ల ఏర్పాటు కూడా చెప్పుకోవాలి. జేబులో ఫోన్ కూడా ఉండకూడదు, మెటల్ డిటెక్టర్ దాటాలి. లాకర్లకు రెండు వైపులా తలుపులుంటాయి. లైన్లో ముందుకు వెళ్తూ ఒకవైపు సామాను పెట్టి, రైడ్ అయ్యాక రెండోవైపు నుంచి తీసుకుంటాం. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకరికొకరు అడ్డం పడరు.

అదే పార్కులో 2019లో తెరిచిన, హ్యారీ పోటర్ కథలోని హాగ్రిడ్ పేరు మీదున్న మోటార్‌బైక్ కోస్టర్ నా దృష్టిలో ఈ వాదన మొత్తానికి జవాబు. మొత్తం ఏడు లాంచ్‌లు, అంటే బండిని ఒక్కసారిగా వేగంగా విసిరే చోట్లు. ఫ్లోరిడాలోకెల్లా పొడవైన కోస్టర్ ఇదే. ఒకరు బైక్ మీద, ఇంకొకరు పక్కన సైడ్‌కార్‌లో కూర్చుంటారు. అడవి మధ్యలో మలుపులు తిరిగి, నిటారు పట్టా ఎక్కి, వెనక్కి జారి చీకట్లో ఆగుతుంది. ఇక అయిపోయిందేమో అనుకునేలోపు పట్టా బండితో సహా దాదాపు 17 అడుగులు కిందికి పడిపోతుంది. ఇది వెలోసికోస్టర్ అంత భయపెట్టదు. కానీ ఆ అడవి, ఆ కథ తీసేస్తే మిగిలేది సగమే. థీమింగ్ అంటే గోడలకు వేసే రంగులు కాదని చెప్పడానికి నేను దీన్నే చూపిస్తాను.

బావ వెంటనే డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్‌లోని స్టార్ వార్స్ రైడ్ రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్ పేరెత్తుతాడు. నిజమే, దానికి నేనూ దండం పెడతాను. ఒక అంతరిక్ష నౌకలో ఎక్కిస్తారు, అది కదులుతుంది, కిటికీల్లో యుద్ధం జరుగుతుంటుంది. తలుపులు తెరుచుకునేసరికి ఎదురుగా పెద్ద హాలు, వరసల్లో నిలబడ్డ తెల్ల కవచాల సైనికులు. అక్కడి నుంచి మనల్ని ఖైదీల్లా నడిపిస్తారు. పట్టాలు లేని బండి ఎక్కించేది ఆ తర్వాతే. ఇందులో వేగం గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడాల్సిన పనీ లేదు.

యూనివర్సల్ మీద తరచూ వినే ఫిర్యాదు “అన్నీ స్క్రీన్లే” అని. పాత పార్కు యూనివర్సల్ స్టూడియోస్ విషయంలో అందులో న్యాయం ఉంది. వరసగా మూడు స్క్రీన్ రైడ్లు ఎక్కితే దేనిలో ఏం చూశామో కలగాపులగం అవుతుంది. అయితే బావకు ప్రాణమైన ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ కూడా స్క్రీన్ రైడే కదా! 2017లో డిస్నీ జంతువుల పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో, అవతార్ సినిమా లోకం పండోరాతో పాటు వచ్చింది. అక్కడ మనం కూర్చున్న సీటే ఊపిరి తీస్తున్నట్టు మోకాళ్ల మధ్య ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, గాలిలో వాసన మారుతుంది, నీటి తుంపర ముఖాన పడుతుంది. అందుకే అది స్క్రీన్ అని గుర్తుండదు. లోపం స్క్రీన్‌ది కాదు, స్క్రీన్ చుట్టూ ఏమీ కట్టకుండా వదిలేయడానిది.

ఇక థీమింగ్. ఒక్క ల్యాండ్‌ని, అంటే పార్కులో ఒకే కథకు కట్టిన భాగాన్ని, విడిగా తీసుకుంటే ఓర్లాండోలో హ్యారీ పోటర్ మాంత్రికుల వీధి డయాగన్ ఆలీని మించింది నేను చూడలేదు. 2014లో యూనివర్సల్ స్టూడియోస్‌లో తెరిచారు. బయటి నుంచి చూస్తే లండన్ వీధి ఒకటి, పాత ఇళ్లు, ఒక ఊదారంగు మూడంతస్తుల బస్సు. లోపలికి దారి అని పెద్ద బోర్డు కనిపించదు. విరిగిన ఇటుకల గోడ పక్క నుంచి తిరిగితే వీధి మొత్తం ఒక్కసారిగా ఎదురవుతుంది, ఆ చివర బ్యాంకు కప్పు మీద డ్రాగన్ ఉండుండి నిప్పులు కక్కుతుంది. బయట టెలిఫోన్ బూత్‌లో 62442 నొక్కితే కథలోని మంత్రజాల మంత్రిత్వశాఖ వాళ్లు పలుకుతారు. పై కిటికీలో కాసేపు తెర పక్కకు జరిగి ఒక ముసలి ముఖం తొంగిచూస్తుంది. ఎవరూ చెప్పకపోతే ఇవేవీ చూడకుండానే వెళ్లిపోతాం. మంత్రదండం కొన్న పిల్లలు నేల మీది ఇత్తడి గుర్తు దగ్గర నిలబడి, అందులో చూపించినట్టు దండం తిప్పితే షాపు కిటికీలో బొమ్మ కదులుతుంది. మా వాడికి మొదట్లో కుదరలేదు. అక్కడి ఉద్యోగి వచ్చి, తొందరపెట్టకుండా మణికట్టు ఎలా తిప్పాలో చూపించింది. మాకు ఏ రైడ్ దగ్గరా అంత ఓపిక కనిపించలేదు.

కానీ పార్కు మొత్తాన్ని తూకం వేస్తే బావ మాట ఒప్పుకోవాల్సిందే. యానిమల్ కింగ్‌డమ్‌కి పోటీ లేదు. అక్కడి ఆసియా భాగంలో ఆనందపూర్ అని ఒక ఊరు కట్టారు, పూర్తిగా కల్పితం. మన దేశం పోలికలున్న ఊరిని విదేశీయులు కడితే నాకు ముందే అనుమానం. ఎక్కడో ఒకచోట నవ్వు తెప్పిస్తారని సిద్ధపడి వెళ్లాను. అలా జరగలేదు. రంగు వెలిసిన గోడలు, చేత్తో రాసిన షాపు బోర్డులు, ఎండకు పాలిపోయిన జెండాలు, గుడి ముందు గంటలు. కొత్తగా కట్టి పాతగా కనిపించేలా చేసినట్టు కాక, జనం వాడి వాడి అరిగినట్టు ఉంది. పులుల్ని చూసే దారి ఒక శిథిల రాజభవనం లోంచి పోతుంది, గోడల మీద చిత్రాలు సగం చెరిగిపోయి ఉంటాయి. ఆఫ్రికా వైపు సఫారీ ఒక్కటే 110 ఎకరాల దాకా ఉంటుంది.

అదే పార్కులో కొండ మీద తిరిగే కోస్టర్ ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ క్యూలో మంచుమనిషి (యెతి) మ్యూజియం ఒకటుంది, దాన్ని చూడటానికే లైన్లో నిదానంగా నడవచ్చు. కొండ ఎత్తు 200 అడుగులకు కాస్త తక్కువ. ఆ ఎత్తు దాటితే విమానాల కోసం పైన ఎర్రదీపం పెట్టాలి, అది ఉంటే కొండ కొండలా కనిపించదు. ఇంత ఆలోచించిన చోటే ఒక వెలితి. 2006లో తెరిచిన కొత్తలో చెయ్యి విసిరి మీదికొచ్చిన, రైడ్‌లోని ఆ భారీ మంచుమనిషి బొమ్మ కొద్దికాలానికే కదలడం మానేసింది. ఏళ్ల తరబడి దాని మీద లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తూ నెట్టుకొస్తున్నారు. కొండను అంత బాగా కట్టినవాళ్లు దాన్ని అలా వదిలేయడం నాకు నిజంగా బాధ.

చిన్నపిల్లలుంటే లెక్క వేరు. వెలోసికోస్టర్‌కి పిల్లల ఎత్తు కనీసం 51 అంగుళాలు, హాగ్రిడ్‌కి 48 ఉండాలి. డిస్నీలో ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌కి 44, ఎప్‌కాట్ పార్కులోని కాస్మిక్ రీవైండ్ కోస్టర్‌కి 42, రైజ్‌కి 40 చాలు. ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కగలిగేవి డిస్నీలోనే ఎక్కువ. మా అత్తయ్య డిస్నీలో పైరేట్స్ పడవ రైడ్ ఎక్కి హాయిగా కూర్చుంది, మోటార్‌బైక్ ఎక్కమంటే దూరం నుంచే చెయ్యి ఊపేసింది. పిల్లల ఎత్తు సరిపోకపోతే రెండు చోట్లా తల్లిదండ్రులు మళ్లీ లైన్ కట్టకుండా వంతులవారీగా ఎక్కే వీలుంది. యూనివర్సల్‌లో కొన్ని రైడ్ల దగ్గర పిల్లలతో కూర్చోవడానికి విడిగా గది కూడా ఉంటుంది.

తిరగడం మాత్రం యూనివర్సల్‌లోనే తేలిక. పాత పార్కులు రెండూ పక్కపక్కనే, నడిచి వెళ్లిపోవచ్చు. హాగ్వార్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కి కూడా మారొచ్చు గానీ, దానికి రెండు పార్కుల టికెట్ ఉండాలి. డిస్నీ స్థలం దాదాపు 40 చదరపు మైళ్లు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే పార్కింగ్‌లో దిగి, మళ్లీ మోనోరైలో ఫెర్రీయో ఎక్కాలి. పొద్దున్నే పిల్లలతో అది చిన్న పని కాదు.

బస గురించి నా సలహా ఒక్కటే. యూనివర్సల్‌కి వెళ్తే రాయల్ పసిఫిక్, హార్డ్ రాక్, పోర్టోఫినో బే హోటళ్లలో ఒకటి చూడండి. అద్దె ఎక్కువే, కానీ పాత రెండు పార్కుల్లో తక్కువ లైన్లో వెళ్లే ఎక్స్‌ప్రెస్ పాస్ అందులోనే వస్తుంది. దాన్ని విడిగా కొంటే ఎంతవుతుందో ముందు లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. డిస్నీ హోటల్లో దిగితే రోజూ అరగంట ముందు లోపలికి వదులుతారు, అలాంటి పాసైన లైట్నింగ్ లేన్‌కి మాత్రం డబ్బు విడిగానే. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో జంతువులు తిరిగే సవానా మైదానం వైపు గది దొరికితే బాల్కనీ నుంచి జిరాఫీలు కనిపిస్తాయి. ఖర్చు తగ్గుతుందని కొన్నాళ్లు బయటి హోటల్లో ఉన్నాం. షటిల్ పొద్దున, సాయంత్రం తప్ప తిరిగేది కాదు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మొదలైతే బయటి కోస్టర్లు ఆపేస్తారు, అప్పుడు గదికెళ్లి కాసేపు నడుం వాల్చే దారి లేకపోవడం నరకం.

2025 మే 22న తెరిచిన యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌తో మా వాదన మళ్లీ మొదటికొచ్చింది. మధ్యలో తోటలు, చుట్టూ నాలుగు లోకాలు, ఒక్కో లోకానికి ఒక్కో ద్వారం. ద్వారం దాటితే పక్క లోకం కంటపడకుండా కట్టారు. పాత పార్కుల్లో యూనివర్సల్‌కి చేతకాలేదని బావ ఎత్తిచూపేది సరిగ్గా ఇదే. ఇది పాత పార్కులకు కొన్ని మైళ్ల దూరంలో ఉంది, నడిచి వెళ్లేది కాదు. దీనికి ఒక రోజు పూర్తిగా పెట్టుకోండి, పాత వాటితో కలిపి ఒకే రోజులో కుక్కొద్దు. మొదటిసారి వెళ్తూ, పిల్లలు 48 అంగుళాల లోపు ఉంటే డిస్నీకి ఎక్కువ రోజులివ్వండి, అందులో యానిమల్ కింగ్‌డమ్‌కి తప్పకుండా ఒకటి. పిల్లలు ఆ ఎత్తు దాటితే నా ఓటు యూనివర్సల్‌కే, బావ ఏమన్నా సరే.