మస్కిటో పరికరం: కొన్నవాళ్లకే వినిపించని కూత

దుకాణాల మెట్ల మీద, బస్ షెల్టర్లలో చీకటి పడ్డాక చేరే ఆకతాయి గుంపుల్ని కదిలించడానికి తయారైన పెట్టె ఇది. వేల్స్‌లోని మెర్థిర్ టిడ్‌ఫిల్‌కు చెందిన హోవార్డ్ స్టేపుల్టన్ రూపొందించారు. 2005లో మార్కెట్లోకి వచ్చింది, మరుసటి ఏడాదే, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతుల్లో శాంతి విభాగం బహుమతి కొట్టింది. నవ్వులాట సంగతి అలా ఉంచి, పనితనం చూద్దాం.

చూడ్డానికి చిన్న స్పీకరే. సుమారు 17 కిలోహెర్ట్జ్ దగ్గర, చెవిలో సూది తిప్పినట్టుండే సన్నటి కూత ఆగి ఆగి వస్తుంది. వయసు పెరిగేకొద్దీ లోపలి చెవిలో ఎక్కువ ఫ్రీక్వెన్సీలను పట్టే కణాలే ముందు దెబ్బతింటాయి. అందుకే పాతికేళ్లు దాటిన చాలామందికి ఇది వినపడదు, పదిహేనేళ్ల కుర్రాడు మాత్రం అక్కడ నిలవలేడు. ఎంకే4 మోడల్‌లో 8 కిలోహెర్ట్జ్ సెట్టింగు కూడా ఉంది, అది అన్ని వయసులవాళ్లకూ చిరాకు తెప్పిస్తుంది.

పనిచేస్తుందా అంటే, ఎదురుగా ఉన్నవాళ్ల మీద చేస్తుంది. 17 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 2 సెంటీమీటర్లే కాబట్టి మూలలు తిరగదు. ఒక కారో, లావుపాటి స్తంభమో అడ్డొస్తే దాని వెనక నీడ పడినట్టు మోత తగ్గిపోతుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పడిపోవడం ఎలాగూ ఉంది, ఈ స్థాయిలో గాలి కూడా మరికొంత మింగేస్తుంది. అందుకని గుంపు కూర్చునే చోటికే గురిపెట్టి, చేతికందకుండా 3 మీటర్ల ఎత్తులో, కాస్త కిందికి వంచి బిగించాలి. ఎదురుగా అద్దాల గోడ ఉంటే శబ్దం తగిలి తిరిగొచ్చి ఏ పక్కింటి కిటికీలోనో దూరుతుంది. ఆ గదిలో పిల్లలు పడుకుంటున్నారా అని ముందే అడిగేవాళ్లు తక్కువ.

అసలు చిక్కు వేరే ఉంది. కొన్నవాడికీ, బిగించినవాడికీ అది మోగుతోందో లేదో తెలియదు. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో గీతలుగా చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ యాప్‌ను ఫోన్‌లో వేసుకోండి. 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో, అంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిస్తే, 22 కిలోహెర్ట్జ్ వరకూ పట్టవచ్చు. 17 దగ్గర నిటారుగా ఒక గీత లేస్తుంది. పరికరం ఆపగానే అది మాయమవ్వాలి. మాయం కాలేదంటే మీరు చూస్తున్నది ఏ పవర్ అడాప్టర్ రొదో. గీత ఎక్కడి దాకా నిలుస్తోందో నడిచి చూసి నేల మీద సుద్దతో గుర్తుపెట్టండి. ఫోన్ మైకు చూపే డెసిబెల్ అంకెను మాత్రం నమ్మకండి, ఆ ఫ్రీక్వెన్సీలో దాని లెక్క తేడాగా ఉంటుంది.

రాత్రంతా మోగేలా వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ వాడకం. కదలికను పట్టే సెన్సరు, రెండు నిమిషాల టైమరు, లోపల సిబ్బంది చేతికందే స్విచ్చి, ఈ మూడూ లేనిదే పెట్టకూడదు.

ఇన్ని చేసినా మా మార్కులు తక్కువే. ఇది వయసును జల్లెడ పడుతుంది గానీ ప్రవర్తనను కాదు. సీసాలు పగలగొట్టే నలభై ఏళ్ల తాగుబోతుకు ఏమీ వినపడదు. బస్సు కోసం నిలబడ్డ పాపకు వినపడుతుంది. ఒళ్లో పసిబిడ్డ ఎందుకు గుక్కపట్టిందో తల్లికి అర్థం కాదు. శబ్దం పడని ఆటిజం పిల్లలకు ఇది నరకం. కుక్కల వినికిడి ఇంతకన్నా చాలా పైదాకా ఉంటుంది, వాటినీ వదలదు. ఇంగ్లండ్‌లో 2008లో బాలల కమిషనర్ దీనికి వ్యతిరేకంగా ప్రచారం నడిపారు. 2010లో యూరప్ దేశాల మానవహక్కుల సంస్థ అయిన కౌన్సిల్ ఆఫ్ యూరప్ పార్లమెంటరీ అసెంబ్లీ నిషేధించమనే కోరింది. కుర్రాళ్లయితే ఇదే కూతను రింగ్‌టోన్ చేసుకుని, టీచర్లకు వినపడకుండా క్లాసులో మెసేజీలు అందుకున్నారు!

ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న గుంపు కదలదు. కదిలినా ఎక్కువసార్లు పక్క సందులోకే. మెట్ల మీద బాగా వెలుతురు, కూర్చోవడానికి వీల్లేని వాలు, సిబ్బంది గంటకోసారి బయటికి రావడం, ఇవి ముందు చేసి చూడండి.

కొనక తప్పదనుకుంటే రాత్రి తాళం పడే పార్కింగ్ అంతస్తుల్లో 8 కిలోహెర్ట్జ్ సెట్టింగు వాడండి. మీ చెవికీ వినపడుతుంది కాబట్టి ఎంత మోగించాలో తెలుస్తుంది. గోడ మీద ఫోన్ నంబరుతో బోర్డు పెట్టడం మరవకండి. ఎవరికి చెప్పాలో తెలియకపోతే ఫిర్యాదు మీ దాకా రాదు.