‘సీ వ్యూ’ గదికి 2,800, ఇరకం పడవకి 1,200

సెలవులొస్తే తిరుపతిలో ఇల్లు ఇల్లుగా ఉండదు, దర్శనానికి వచ్చే చుట్టాలకి సత్రం అయిపోతుంది. మే నెలలో చివరి బ్యాచ్‌ని రైలెక్కించాక, ఈసారి మనమే ఎవరికీ చెప్పకుండా ఎక్కడికన్నా పోదాం అన్నాను. పిల్లలకి సముద్రం కావాలి, మా అత్తకి సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడి కావాలి. రెండూ మన జిల్లాలోనే ఉన్నాయి కదా అని కారు తీశాం. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు. దారికి వంక పెట్టడానికి లేదు.

వంకంతా గదికే. ఫోన్లో ‘సీ వ్యూ ఏసీ, 2,800’ అని చూసి డబ్బు ముందే కట్టేశాను. కిటికీ తీస్తే ఎదురుగా సరుగుడు తోపు, దాని ముందు తీగ మీద ఆరేసిన దుప్పట్లు. సముద్రమేది అని అడిగితే అక్కడి కుర్రోడు మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టి వేలు చూపించాడు. నిజమే, మునివేళ్ల మీద లేస్తే నీలంగా ఒక గీత కనబడింది. రాత్రి కరెంటు పోతే జనరేటర్ మీద ఫ్యాను ఒక్కటేనట. అయినా బిల్లులో ‘ఏసీ చార్జీ 400’ విడిగా! ‘ఏసీ గదికి మళ్లీ ఏసీ చార్జీ ఏంది నాయనా’ అని మా అత్త తగులుకుంటే 200 తగ్గించారు. ఆమె లేకపోతే అదీ గోవిందా. బుక్ చేసింది నేనే కాబట్టి మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

తూపిలిపాళెం బీచ్‌కి తెల్లవారుజామునే వెళ్లండి. ఎనిమిదింటికల్లా ఇసుక కాలుతుంది. అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది, పిల్లల చెయ్యి వదలొద్దు. మన ఊళ్లో ఎండిపోయి పడున్న స్వర్ణముఖి ఈ వైపే సముద్రంలో కలుస్తుందంటే మావాళ్లు నమ్మలేదు.

అక్కడినుంచి తడ దగ్గర భీమునివారిపాళెం. పులికాట్ సరస్సు మీద ఇరకం దీవికి పడవలోనే పోవాలి, వంతెన లేదు. రానూపోనూ 1,200కి బేరం కుదిరింది. సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి, పైగా ఎండాకాలం, నీళ్లు తక్కువ. సగం దారిలో పడవ అడుగు బురదకి తగిలింది. పడవాయన ఇంజన్ ఆపి, లుంగీ ఎగ్గట్టి దిగాడు. నీళ్లు మోకాళ్లకి కాస్త పైన! అంత సరస్సు నడుమ మనిషి నిలబడి పడవ తోస్తుంటే, అప్పటిదాకా లైఫ్ జాకెట్ లేదని టెన్షన్ పడుతున్న మా ఆవిడకి నవ్వాగలేదు. గది దగ్గర మొదలైన మౌనం అక్కడ తెగింది.

దీవిలో మాకు హోటలేమీ కనబడలేదు. పడవాయన ముందే ఫోన్ చేసి వాళ్ల వదినతో వండించాడు. అన్నం, ఎండ్రకాయల పులుసు, రొయ్యల వేపుడు, మనిషికి 150. ఎండ్రకాయ కాలు కొరకలేక మా చిన్నోడు తంటాలు పడుతుంటే, ఆమె గుండ్రాయితో ఒక్క దెబ్బ తట్టి, కండ లాగి వాడి కంచంలో పెట్టింది. శనివారం కాబట్టి మా అత్త ముట్టలేదు. ఆమెకి పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ వేసి, దానికి డబ్బు వద్దన్నారు. ఇరకం వెళ్తే నీళ్లు, టోపీలు, చిల్లర పట్టుకెళ్లండి. పక్షులు చూడాలంటే మాత్రం మేలో రావద్దు, నేలపట్టు పక్షుల కేంద్రమైనా పులికాట్ అయినా చలికాలమే.

తిరుగుదారిలో సూళ్లూరుపేట, పావుగంటలో దర్శనం. రాత్రిళ్లు కూడా తలుపులు వేయని గుడి అది. లోపల మా అత్త చెంగాళమ్మకి ఏం మొక్కుకుందో గానీ, బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, ‘ఆ మిగతా 200 కూడా అడిగుండాల్సింది’ అంది.